వెనక గదిలో కంప్యూటర్లు

వెనక గది తలుపు తెరవగానే ముందు కలరా ఉండల వాసన వచ్చింది, దాని వెనకే ఒక బొద్దింక వచ్చింది, ఆ తర్వాత డైరెక్టరుగారికి తుమ్ములు వచ్చాయి. తుమ్ములు తగ్గేదాకా మేడమ్ గుమ్మంలోనే నిలబడింది. పొద్దున్నించీ షాపులో టైపు చేసి చేసి ఆమె మణికట్లు పీకుతున్నాయి. గదిలోకి తొంగిచూశాక ఆ పీకుడు భుజాలదాకా ఎగబాకింది.

డైరెక్టరుగారంటే ఏ పెద్ద కంపెనీకో అనుకునేరు. ఆయన డైరెక్టరుగా ఉన్నది మందుల షాపు మేడమీద రెండు గదుల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి. అది మూతపడి ఏళ్ళు గడిచాయి. బోర్డు దిగింది గానీ పిలుపు దిగలేదు. వీధిలో సగంమంది గౌరవంగా, మిగతా సగంమంది నవ్వు ఆపుకుంటూ ఆయన్ని ఇంకా అలాగే పిలుస్తారు. ఆయన అందరికీ ఒకేలా తలూపుతాడు. ఆయన భార్యని మేడమ్ అంటారు. ఆమె నిజంగానే పాఠాలు చెప్పింది కాబట్టి ఆ పిలుపులో వెటకారం లేదు. వేళ్ళకేసి చూడకుండా టైపు చేయడం ఆ చుట్టుపక్కల ఆఫీసుల్లో సగంమందికి నేర్పింది ఆమే. ఇప్పుడు ఒక జెరాక్స్ షాపులో ఓ మూల కూర్చుని జనం అద్దె ఒప్పందాలూ అర్జీలూ టైపు చేసిపెడుతోంది.

ఇన్‌స్టిట్యూట్ ఎత్తేసిన రోజున ఆయన తొమ్మిది కంప్యూటర్లనీ ఇంటికి మోయించుకొచ్చాడు. "నాలుగు రోజులాగి మళ్ళీ పెడదాం" అన్నాడు. ఆ ఇంట్లో నాలుగు రోజులంటే ఎంతో మేడమ్‌కి పెళ్ళయిన కొత్తలోనే తెలిసిపోయింది, అందుకని వెనక గది తలుపు తీసిపెట్టింది. మళ్ళీ పెట్టేదాకా అవి చెడిపోకూడదు కదా. ఆయన ఒక్కో డబ్బా విప్పి, ఉన్ని దుప్పట్ల పెట్టెలో వేసినట్టు లోపల గుప్పెడేసి కలరా ఉండలు వేశాడు. స్క్రూలు బిగించి, కీబోర్డుల మీద కూడా కాసిని చల్లి, పైన టార్పాలిన్ కప్పి, తాడుతో కట్టాడు. లోకంలో కంప్యూటర్లకి కలరా ఉండలు వేసిన మొదటి మనిషీ చివరి మనిషీ ఆయనే అయి ఉండాలి.

ఇన్నేళ్ళకి ఆ తాడు విప్పాల్సి రావడానికి కారణం మేడమ్ చెల్లెలు. చెల్లెలి పెళ్ళి రెండేళ్ళు కూడా నిలవలేదు. అప్పట్నించీ అన్నయ్య ఇంట్లోనే ఉంటోంది. అన్నయ్య పిల్లల్ని పెంచింది, వదినకి ఒంట్లో బాగాలేకపోతే వంట చేసింది, బాగున్నప్పుడూ చేసింది. అందరూ పడుకున్నాక హాల్లో పరుపు పరుచుకునేది, ఎవరూ లేవకముందే చుట్టేసేది. ఇప్పుడు అన్నయ్య కొడుక్కి పెళ్ళి కుదిరింది, కోడలొస్తోంది, ఇల్లు ఇరుకవుతోంది. పొమ్మని ఎవరూ అనలేదు. పొమ్మనలేక పొగబెట్టడం వదినకి చేతనైనట్టు మరొకరికి చేతకాదు, అంతే.

"అక్కా, కొన్నాళ్ళు నీ దగ్గర ఉండనా?" అని ఫోన్లో అడిగింది చెల్లెలు. నలభై దాటిన మనిషి. తనకోసం తను ఏదైనా అడగడం మేడమ్ ఎరిగి అదే మొదటిసారి.

"కొన్నాళ్ళేమిటే పిచ్చిదానా, నీకిక్కడ ఒక గది ఉంది" అనేసింది మేడమ్. ఫోన్ పెట్టేశాక, ఆ గదిలో ఏముందో గుర్తొచ్చింది.

పాతసామాన్లవాణ్ణి పిలుద్దామని ఆమె అంటే డైరెక్టరుగారి ముఖం వాడిపోయింది. "తూకానికి ఇస్తావా వాటిని?" అన్నాడు. ఆమె ఆ ఆలోచన వదిలేసింది. రెండు వీధుల అవతల చిన్న స్కూలు ఒకటుంది. దాని హెడ్మిస్ట్రెస్‌ని ఆమే వెళ్ళి కలిసింది. పిల్లలకి టైపు నేర్పడానికి పాతవైనా పర్వాలేదనీ, పనిచేసేవి ఓ అయిదు ఇస్తే చాలనీ, వ్యాన్ తామే పంపుతామనీ ఆవిడంది.

"అదీ పద్ధతి" అన్నాడు డైరెక్టరుగారు, ప్రాణం లేచొచ్చి. "పనిచేసేవి ఇస్తే దానం. పనిచేయనివి ఇస్తే మన చెత్త వాళ్ళింట్లో పోయడం. బాగుచేసే ఇద్దాం. మీ చెల్లెలొచ్చేలోగా గది ఖాళీ చేసి అప్పజెప్పే పూచీ నాది."

ఆయన మాట తప్పే మనిషి కాడు. మాట మర్చిపోయే మనిషి.

మొదటి ఆదివారం ఆయన ఒక డబ్బాని హాల్లోకి మోసుకొచ్చి, పైపైన దుమ్ము తుడిచి, ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు.

"ముందు విప్పి లోపల చూడండి" అంది మేడమ్.

"నాకు చెప్తున్నావా?" అని ఆయన ప్లగ్గు పెట్టి స్విచ్ వేశాడు.

టప్‌మని పేలింది. డబ్బా వెనకనించి పొగ సన్నగా లేచింది. ఫ్యాన్ తిరగడం మానేసింది. పక్కింటావిడ గోడమీంచి తల పెట్టి "కరెంటు పోయిందాండీ?" అని అడిగింది.

"మాకే పోయిందండి" అంది మేడమ్.

ఆ తర్వాత పని ఆమె చేతిలోకి వచ్చింది. వచ్చిందనడం కంటే వచ్చి పడిందనడం న్యాయం. డైరెక్టరుగారు టార్చిలైటు పట్టుకుని పక్కన కూర్చుంటాడు, ఏ భాగం దేనికో విడమరిచి చెబుతాడు. ఆమె అది వింటూ, వినకుండా, స్క్రూలు విప్పుతుంది. కలరా ఉండలు ఏనాడో కరిగిపోయాయి గానీ తాకినచోటల్లా ప్లాస్టిక్‌ని జిగురు చేసి మరీ పోయాయి. కీబోర్డుల్లో పక్కపక్క మీటలు ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. ఒక్క ఎలుక మాత్రం ఆ వాసనని లెక్కచేయలేదు. ఒక డబ్బాలో, పాఠాల పుస్తకం చింపి మెత్తగా పరుచుకుని, సంసారం పెట్టి, పిల్లల్ని కని, వాటిని ప్రయోజకుల్ని చేసి వెళ్ళిపోయింది.

"చూశావా, ఇన్‌స్టిట్యూట్ మూసినా మన పుస్తకం ఎవరికో ఉపయోగపడింది" అన్నాడు డైరెక్టరుగారు.

మేడమ్‌కి నవ్వొచ్చింది గానీ నవ్వడానికి ఓపిక రాలేదు. సాయంత్రం షాపునించి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి, ఒక కుంచె, ఒక పాత టూత్‌బ్రష్, ఒక గిన్నెలో వెనిగర్ పెట్టుకుని నేలమీద కూర్చునేది. కంప్యూటర్ లోపలి బోర్డు మీద గడియారం నడవడానికి ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. అది ఇన్నేళ్ళూ కారీ కారీ చుట్టూ పచ్చగా చిలుము పట్టించింది. ఆ చిలుముని వెనిగర్‌తో తోమాలి. మెమరీ ముక్కల అంచులకి పట్టిన మసకని పిల్లలు తప్పులు చెరుపుకునే రబ్బరుతో రుద్దాలి. హార్డ్‌డిస్క్ బిగుసుకుపోతే దాన్ని అరచేతిలో పట్టుకుని మణికట్టు చటుక్కున తిప్పాలి, లోపల పళ్ళెం కదిలిందా లేదా అని చెవి దగ్గర పెట్టుకుని వినాలి. మణికట్టే కదా ఆమె మాట విననిది. ఒక్కోసారి తిప్పినప్పుడు ప్రాణం జివ్వుమనేది. చెల్లెలికి గది అనుకునేది, మళ్ళీ తిప్పేది.

రెండో వారానికి సంగతి తేలిపోయింది.

"తొమ్మిదీ లేవవండి" అంది మేడమ్. "నాలుగింటిని విప్పేస్తే ఆ భాగాలతో అయిదు లేస్తాయి."

"ఏ నాలుగు?"

"ఏవైతేనేం?"

"ఏవైతేనేం ఏమిటి? ఇది మనం మొట్టమొదట కొన్నది. అదిగో, దానిమీద నేర్చుకున్న కుర్రాడే బ్యాంకులో చేరాడు. ఇది నువ్వు కూర్చున్నది. ఆ మూలది..." ఆ మూలదానికి చెప్పుకోడానికి ఏ చరిత్రా దొరక్క ఆయన దానిమీద టార్చి వేసి చూశాడు. "దానికి పాపం ఎప్పుడూ ఏ జబ్బూ చేయలేదు."

"అయితే దాన్నే ముందు విప్పాలి. అన్నీ బాగుంటాయి."

డైరెక్టరుగారు టార్చిలైటు ఆమె చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాడు. పుచ్చు వంకాయల్లో మంచి ముక్కలు ఏరినట్టు ఆమె ఒక్కర్తే కూర్చుని దేన్లోంచి ఏది తీయాలో తేల్చింది. ఆయన తిరిగొచ్చేసరికి నాలుగు ఖాళీ డబ్బాలు గోడవారన బోర్లించి ఉన్నాయి. వాటి వంక చూడకుండా ఆయన తన పీటమీద కూర్చుని, మళ్ళీ టార్చి అందుకున్నాడు.

మొదటిది లేచింది ఒక సెలవురోజు మధ్యాహ్నం. స్విచ్ వేసి ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఏమీ పేలలేదు. ఫ్యాను గుర్రుమంది, హార్డ్‌డిస్క్ గొణిగింది, గాజుతెర చాలాసేపు ఆలోచించి ఆలోచించి మెల్లగా వెలిగింది. మొట్టమొదట అడిగిన ప్రశ్న, ఇవాళ తేదీ ఎంత అని.

"పాపం, దానికేం తెలుసు" అన్నాడు డైరెక్టరుగారు.

మేడమ్ తేదీ కొట్టింది. ఆ తర్వాత ఆమె వేళ్ళు, ఆమెని అడక్కుండానే, పాత పాఠంలోకి జారిపోయాయి. ఎడమచేతి నాలుగు వేళ్ళు, కుడిచేతి నాలుగు వేళ్ళు, బొటనవేలు ఖాళీ మీట మీద. షాపులో ఆమె టైపు చేసేది ఊరివాళ్ళ గొడవలు. అక్కడ తప్పు పడకూడదు, ఆలస్యం కాకూడదు. ఇక్కడ ఎవరూ లేరు. లావుపాటి మీటలు టకటకలాడుతుంటే గది అంతా ఆ చప్పుడుతో నిండింది. మధ్యలో ఒక జిగురు మీట కిందికి పోయి పైకి రానని మొరాయించింది, తెరంతా ఒకే అక్షరం బారులు తీరింది. ఆమె పకపకా నవ్వింది. నవ్వుతూ తల తిప్పేసరికి డైరెక్టరుగారు తెరకేసి కాదు, ఆమెకేసి చూస్తున్నాడు.

"ఏమిటలా చూస్తారు?"

"ఏం లేదు" అన్నాడాయన.

అక్కడ్నించీ ఆయనకి హుషారొచ్చింది. అమ్మేద్దామని బాగుచేయించిన స్కూటరు అమ్మబుద్ధి కాదు అని సామెత లేదు గానీ, ఉండాల్సింది. రెండోది లేచింది, మూడోది లేచింది. ఆయన వాటికి ఒళ్ళు తుడిచాడు, వైర్లు ముచ్చటగా చుట్టాడు, పసుపెక్కిన డబ్బాలని సబ్బునీళ్ళతో తోమాడు. అటకమీద పడున్న ఇన్‌స్టిట్యూట్ బల్లలూ కుర్చీలూ దించి కాళ్ళకి మేకులు కొట్టాడు. "కుర్చీలు కూడా ఇస్తామా స్కూలుకి?" అని అడిగింది మేడమ్. "చూద్దాం" అన్నాడు. ఆ చూద్దాం ఏమిటో ఆరా తీయాలని ఆమెకి తట్టకపోలేదు, కాకపోతే అప్పటికే నడుం వాల్చింది, వాల్చాక లేవడం ఎవరివల్ల అవుతుంది.

నిజం చెప్పాలంటే ఇంకొకటి కూడా ఉంది. షాపులో ఎవరిదో పొలం తగాదా టైపు చేస్తూ చేస్తూ ఆమె ఒకటి రెండుసార్లు పరధ్యానంలో పడింది. అయిదు కంప్యూటర్లు, అయిదుగురు పిల్లలు, వెనక నిలబడి వేళ్ళు సరిచేస్తూ తను. ఆ కల వచ్చినప్పుడల్లా ఆమె చెల్లెల్ని గుర్తుచేసుకునేది, కలని పక్కకి నెట్టేది. ఎంత నెట్టినా అది గుమ్మం దాటి పోయేది కాదు.

శనివారం పొద్దున స్కూలు వ్యాన్ వచ్చేట్టు, మధ్యాహ్నం చెల్లెలి బస్సు వచ్చేట్టు ఏర్పాటయింది. శుక్రవారమే మేడమ్ పక్కింటివాళ్ళ మడతమంచం అడిగి తెచ్చి వరండాలో పెట్టింది. దుప్పటి ఉతికి ఆరేసింది.

"నువ్వు షాపుకి వెళ్ళు. వ్యాన్ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు డైరెక్టరుగారు.

శనివారం షాపు ఒంటిపూటే. ఆమె అట్నుంచి అటే బస్టాండుకి వెళ్ళింది. చెల్లెలు అందరికంటే ఆఖర్న దిగింది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో చుట్టిన పరుపు.

"పరుపెందుకే మోసుకొచ్చావు? మా ఇంట్లో లేదనుకున్నావా?"

"ఉండనీ అక్కా. ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా ఉంటుంది."

మేడమ్ ఆ పరుపు లాక్కుని తన చంకలో పెట్టుకుంది. ఇద్దరూ నడుచుకుంటూ బయల్దేరారు. చెల్లెలు ఎప్పుడూ అడిగేవాటికి జవాబులు చెప్పే మనిషే తప్ప అడిగే మనిషి కాదు. ఆరోజు మాత్రం ఒకటే ప్రశ్నలు.

"కిటికీ ఉందా అక్కా గదికి?"

"ఉంది. పెరటివైపు."

"పెద్దదా?"

"ఓ మాదిరిది."

"ఒక కర్టెన్ కుట్టాను. కొలత తెలీదు కదా, అందాజుగా కుట్టేశాను. సరిపోతుందో లేదో." కాస్త దూరం నడిచాక మళ్ళీ అంది. "అందులో ఇంకెవరూ పడుకోరు కదా? అంటే, చుట్టాలెవరైనా వస్తే ఇచ్చేస్తాననుకో. మామూలప్పుడు?"

"నీ ఒక్కదానికే" అంది మేడమ్. చెల్లెలి నడక పెరిగింది. సందు మలుపులో అక్కకంటే నాలుగడుగులు ముందుంది.

డైరెక్టరుగారు గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. "రా అమ్మాయ్, రా రా. సరిగ్గా సమయానికొచ్చావు. ఇద్దరూ ఇలా రండి" అని వాళ్ళ చేతుల్లో సామాను కూడా దించనివ్వకుండా వెనక గదికి తీసుకుపోయాడు, తలుపు తెరిచి పక్కకి తప్పుకున్నాడు.

నేల కడిగి ఉంది. గోడలకి బూజు లేదు. అయిదు బల్లలమీద అయిదు కంప్యూటర్లు వరసగా, ఒక్కోదాని ముందు ఒక్కో కుర్చీ. అయిదూ వెలుగుతున్నాయి, అయిదింటి ఫ్యాన్లూ కలిసి ఒకే శ్రుతిలో మూలుగుతున్నాయి. ఇన్‌స్టిట్యూట్ పాత బోర్డు కడిగి గోడకి ఆనించి ఉంది. వాటన్నిటికీ ఎదురుగా, మెత్త వేసి, మేడమ్ పాత కుర్చీ.

మేడమ్ గుండె ఎగిసింది. దాచాల్సిన పనిలేదు, సంతోషంతోనే ఎగిసింది. పాతికేళ్ళ వయసులో మందుల షాపు మేడమీద తాళం తీసి లోపలికి అడుగుపెట్టినప్పుడు ఎలా ఉండిందో సరిగ్గా అలాగే అయింది. ఆమె ముఖం విప్పారింది, చేయి దానంతటదే దగ్గరున్న కుర్చీ వీపుమీద పడింది. ఆ కాసేపూ తన చంకలో పరుపుందని గానీ, అది ఎవరిదని గానీ ఆమెకి గుర్తులేదు.

"హెడ్మిస్ట్రెస్‌కి పొద్దున్నే ఫోన్ చేసి వద్దని చెప్పేశాను" అంటున్నాడు డైరెక్టరుగారు. "సాయంత్రం బ్యాచీకి ముగ్గురు వస్తామన్నారు అప్పుడే. మందుల షాపాయన కూతురొకర్తి. ఇంక నీకా జెరాక్స్ షాపు అక్కర్లేదోయ్. నువ్వు పాఠం చెప్పు, మిగతాది నేను చూసుకుంటాను."

మేడమ్ తల తిప్పింది. చెల్లెలు కంప్యూటర్లని చూడటంలేదు. అక్క ముఖాన్నే చూస్తోంది. ఎప్పట్నించి చూస్తోందో.

"గది కుదరలేదని ఫోన్లోనే చెప్పాల్సింది అక్కా" అంది చెల్లెలు నెమ్మదిగా. "నేనేం అనుకునేదాన్ని కాదు."

"కుదరకపోవడమేమిటే, ఇదే నీ..."

"పర్వాలేదు. హాల్లో పడుకుంటాను. నాకు అలవాటేగా."

అక్క చంకలోంచి పరుపు తీసుకుని ఆమె హాల్లోకి వెళ్ళింది. నాలుగు మూలలూ చూసి, ఏ మూలైతే నడిచేవాళ్ళకి తగలదో లెక్కేసుకుని, అక్కడ గోడకి నిలబెట్టింది. సంచి దాని వెనక పెట్టింది. అందులోంచి కర్టెన్ అంచు కొద్దిగా బయటికి వస్తే లోపలికి కుక్కింది.

"ఇక్కడైతే మీకు అడ్డం కాదు కదా బావగారూ?"

"అడ్డమేమిటి అమ్మాయ్, నీ ఇల్లే అనుకో" అన్నాడు డైరెక్టరుగారు మంచిగా, ఇంకా ఆ సంబరంలోనే ఉండి. అప్పుడు భార్య ముఖం చూశాడు.

"ఆపండి" అంది మేడమ్.

"ఏది?"

"అన్నీ. ఆపేసి బయట పెట్టండి."

ఆయన చేతులు రెండూ పైకి లేచి, ఏం చేయాలో తెలీక మళ్ళీ కిందికి దిగాయి. "నీకోసమే చేశాను" అన్నాడు. "ఆరోజు నువ్వు నవ్వావు. నువ్వలా నవ్వి ఎన్నేళ్ళయిందో నీకు తెలుసా?"

తెలుసు. ఆయన తన మాట నిలబెట్టుకోలేదని కేకలేసి చేతులు దులుపుకునే వీలైనా మిగల్చలేదీ మనిషి.

"నవ్వాను" అంది. "నాకూ ఇష్టమే. ఇందాక తలుపు తీయగానే ఎంత సంతోషమేసిందంటే, పక్కన చెల్లెలు నిలబడి ఉందన్న సంగతే మర్చిపోయాను. అది నా ముఖం చూసింది. మీరు చేసింది సర్దుకోవచ్చు. నేను చేసిందానికి దానికేం చెప్పుకోను?"

డైరెక్టరుగారు పెన్ను జేబులోంచి తీసి కిటికీలో పెట్టాడు, చొక్కా చేతులు మడిచాడు. ఒక్కోదాన్నీ ఆపుకుంటూ వెళ్ళాడు. గాజుతెరలు ఒకదాని తర్వాత ఒకటి చిన్న చుక్కై ఆరిపోయాయి. ఫ్యాన్లు ఆగేసరికి గది మరీ నిశ్శబ్దంగా అయిపోయింది, పక్కింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినబడింది.

మొయ్యడానికి మనుషులెవరూ లేరు. ఆ పాత మానిటర్లు ఒక్కొక్కటి బియ్యం మూటంత బరువు. మొదటిదాన్ని ఇద్దరూ చెరోవైపు పట్టుకుని అడ్డంగా నడుస్తూ హాల్లోకి తెచ్చారు. చెల్లెలు కొంగు దోపుకుని పరుగెత్తుకొచ్చింది.

"నువ్వు ముట్టుకోకు. కూర్చో" అంది మేడమ్.

"మీరిద్దరూ మోస్తుంటే నేనూరికే ఎలా కూర్చోనక్కా?"

"కూర్చోమన్నాను కదే."

చెల్లెలు కూర్చుంది, కుర్చీ అంచున, ఎవరైనా అంటే వెంటనే లేవడానికి వీలుగా. ఇంకొకళ్ళు పనిచేస్తుంటే తను కూర్చోవడం ఆమెకి జీవితంలో రాని విద్య. ప్రతి మానిటరూ తన ముందునించి వెళ్తుంటే ఆమె రెండు చేతులూ కొంచెం కొంచెం పైకి లేచేవి. మేడమ్ మణికట్లు తెగిపోతున్నాయి. మూడోదాని దగ్గర డైరెక్టరుగారు నడుం పట్టుకుని గోడకి ఆనుకున్నాడు.

"హాల్లోనే ఒక పక్కగా పెట్టుకుంటే..." అని మొదలుపెట్టాడు ఊపిరి తీసుకుంటూ. మేడమ్ చూసిన చూపుకి ఆ వాక్యం పూర్తికాలేదు. "సరే. సోమవారం నేనే వెళ్ళి హెడ్మిస్ట్రెస్ కాళ్ళు పట్టుకుంటాలే. ఆవిడ తిడుతుంది."

"తిట్టనివ్వండి."

బల్లలు వచ్చాయి, కుర్చీలు వచ్చాయి, విప్పేసిన నాలుగు డబ్బాలు వచ్చాయి, బోర్డు వచ్చింది. హాల్లో నడవడానికి దారి లేదు. వంటింట్లోకి వెళ్ళాలంటే ఒక కీబోర్డుని దాటాలి. భార్యాభర్తలు రోజూ పడుకునే చోట ఇప్పుడు రెండు మానిటర్లు ముఖాముఖీ కూర్చున్నాయి. మేడమ్ మడతమంచం లోపల వేసింది, ఆరిన దుప్పటి పరిచింది. అప్పుడు చెల్లెలు పరుపూ సంచీ తానే తీసుకెళ్ళి మంచంమీద పెట్టింది.

"కర్టెన్ కట్టుకో" అంది మేడమ్.

చెల్లెలు కట్టింది. జానెడు పొట్టయింది.

"అంచు విప్పితే వస్తుంది" అంది చెల్లెలు.

మేడమ్ బయటికొచ్చి డైరెక్టరుగారి పక్కన, ఉన్న కాస్త జాగాలో నేలమీద కూలబడింది. ఆయన ఆమె చేయి తీసుకుని మణికట్టు మెల్లగా నొక్కడం మొదలుపెట్టాడు. ఆమె చేయి లాక్కోలేదు. కోపం ఉంది, కానీ దాన్ని పట్టుకుని కూర్చునే ఓపిక లేదు. చెల్లెలు గుమ్మంలోకి వచ్చి నిలబడింది, తలుపు రెక్కమీద చేయి వేసి.

"అక్కా."

"ఊఁ."

"తలుపు వేసుకోవచ్చా?"

"అడుగుతావేమిటే" అంది మేడమ్.

తలుపు నెమ్మదిగా, చప్పుడు కాకుండా దగ్గరికి పడింది. దగ్గరికి మాత్రమే పడింది. హాల్లో ఇద్దరూ వింటూ కూర్చున్నారు. లోపల మంచం కిర్రుమనలేదు, సంచి విప్పిన అలికిడి లేదు. తలుపు వెనకే నిలబడి ఉందని మేడమ్‌కి తెలుసు. ఎవరైనా పిలుస్తారేమో, దేనికైనా రావాల్సి ఉంటుందేమోనని. ఇన్నేళ్ళూ అలాగే కదా బతికింది.

మేడమ్ నేలకి చేతులు ఆనించి లేచింది. కుర్చీల మధ్యనించి, వైర్లమీంచి దాటుకుంటూ వెళ్ళి, తలుపుకి నోరు దగ్గరగా పెట్టింది.

"గడియ కూడా పెట్టుకోవే" అంది. "నిన్నెవరూ పిలవరు."

లోపల చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత గడియ పడింది.